బందరు దారిలో పదకొండో అధ్యాయం

కృష్ణా డెల్టా అంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్లు. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి అది సహజమే అనుకుంటాను. మా ఇంట్లో బిందె దించేటప్పుడు గ్లాసెడు నీళ్లు ఒలికినా అమ్మ మొట్టికాయ వేసేది. ఇక్కడేమో కాలవల నిండా నీళ్లు ఎవరికీ పట్టనట్టు పోతుంటాయి. అయితే ఈసారి నేను వెళ్లింది నీళ్లని చూసి కుళ్లుకోవడానికి కాదు. ఒక మనిషిని చూసి కుళ్లుకోవడానికి. బయల్దేరేటప్పుడు ఆ సంగతి నాతో నేను కూడా ఒప్పుకోలేదు.

ముందు పని సంగతి చెప్తాను. పాతకాలపు అమెరికన్ రచయిత ఒకాయన రచనలన్నిటినీ తెలుగులో పరిష్కరించి సంపుటాలుగా తేవాలని మేము కొంతమందిమి నాలుగేళ్లుగా పని చేస్తున్నాం. పుస్తకాలు వచ్చేదాకా ఆయన పేరు బయటపెట్టకూడదని మాలో మేం అనుకున్నాం, అందుకని ఇక్కడ కూడా ‘మా పెద్దాయన’ అనే అంటాను. ఒక్కో రచనకీ ఇప్పటిదాకా వచ్చిన తెలుగు అనువాదాలన్నీ వెతికి, ఇంగ్లీషు మూలంతో వాక్యం వాక్యం సరిచూసి, మంచిదాన్ని ప్రధాన పాఠంగా తీసుకుంటాం. మిగతావాటిలో తేడాలు పేజీ అడుగున పాఠభేదాలుగా ఇస్తాం. ప్రధాన సంపాదకురాలు శైలజ. ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునే పిల్ల. అది కూడా నాకు కొంచెం గుచ్చుకునే విషయమే.

పెద్దాయన రాసినవాటిలో సముద్రం ఒడ్డున ఒక బెస్తపల్లె గురించిన నవల ఉంది. ఇరవై మూడు అధ్యాయాలు. దాన్ని నేను పన్నెండేళ్లు కూర్చుని తెలుగు చేశాను. రిటైరయిన తర్వాత నాకు మిగిలిన గర్వం అంతా అదే. దానికి ఇంకో అనువాదం లేదనే అనుకున్నాం. తీరా చూస్తే బెజవాడ నుంచి వచ్చే పాత మాసపత్రిక ఒకటి బయటపడింది. అందులో అదే నవల మూడు అధ్యాయాలు, కింద ‘అనువాదం: బి. ధనలక్ష్మి’ అని.

“నేను వెళ్లొస్తాను మేడమ్. మీ నవల కదా, మీరు చూడ్డం బావుండదేమో” అంది శైలజ.

“నేనేమన్నా చిన్నపిల్లనా? నేనే పోతా” అన్నాను.

బెజవాడ

పొద్దున్నే రైలు దిగాను. స్టేషన్ బయట బండి దగ్గర పునుగులు తిన్నాను. మా ఊళ్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న నోటికి ఇవి మరీ చప్పగా అనిపిస్తాయేమో అనుకున్నా గానీ, అల్లం పచ్చడిలో ముంచుకుంటే రెండో ప్లేటు దాకా పోయాను. పొద్దున ఎనిమిదికే చెమట. ఉక్కలో మాత్రం మా ఊరే నయమని సంతోషించాను. ఈ ప్రయాణంలో మా ఊరు గెలిచింది ఆ ఒక్క దాంట్లోనే.

ఆ పత్రిక నడిపిన విశ్వనాథంగారికి గాంధీనగర్లో సందు చివర చిన్న ప్రెస్సు ఉంది. ఇప్పుడు పెళ్లి కార్డులు, కరపత్రాలు వేస్తున్నారు. ఆయనకి ఎనభై దాటాయి. లోపల ఇంకు వాసన, ఫ్యాను కింద ఎగిరే కాయితాలు.

“ధనలక్ష్మిగారి కోసం వచ్చారా!” అని కుర్చీ తుడిచి వేశారు. “మాకు చాలా మంది రాసేవాళ్లండీ. అన్నీ మర్చిపోయాను. ఆవిడది మాత్రం ఒక వాక్యం ఉండిపోయింది.” కళ్లు మూసుకుని చెప్పారు: “పాటు తీసే వేళకి ఊళ్లో మాటలు తగ్గుతాయి.”

పాటు అంటే పోటుకి ఎదురు, సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళ. నేను ఆ మాట నిఘంటువులో చూశాను, చూసి పక్కన పెట్టాను. నా అనువాదంలో అదే వాక్యం ఇలా ఉంది: ‘సముద్రజలాలు వెనుదిరిగే సమయానికి గ్రామంలో సంభాషణలు సన్నగిల్లుతాయి.’ అది నాకు చాలా ఇష్టమైన వాక్యం. ‘స’కారాలు ఎంత బాగా కుదిరాయో అని అప్పట్లో రెండు రోజులు మురిసిపోయాను.

“మిగతా అధ్యాయాలు ఎందుకు వెయ్యలేదండీ?” అని అడిగాను.

“పత్రికే ఆగిపోయిందమ్మా. ఆవిడ మాత్రం ఆపలేదనుకుంటా. బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లెలో ఉంటారు. స్కూలు టీచరుగా చేశారు. ఇంకా అక్కడే ఉన్నారని విన్నా.” అడ్రసు రాసిచ్చి, నా చేతిలో ఆ కాయితం పెడుతూ, “మీరు కూడా అనువాదాలు చేస్తారా?” అన్నారు.

“అప్పుడప్పుడు” అన్నాను. పన్నెండేళ్ల పనిని ఒక్క మాటలో అంత చిన్నది చేసుకున్నందుకు సందు మలుపు తిరిగేదాకా నా మీద నాకే కోపం.

పామర్రు

బందరు బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. కాళ్ల దగ్గర చీరల మూట. మంగళగిరిలో చీరలు కొని పెడన తీసుకెళ్తోందిట. వాళ్లదీ మగ్గాల ఇల్లే అయినా ఇప్పుడు నేసే వాళ్లు తగ్గి, కొని అమ్మడం ఎక్కువైందని చెప్పింది. పామర్రులో బస్సు ఆగినప్పుడు ఇద్దరం దిగి టీ తాగాం. పదిహేను రూపాయల టీ, గొంతు దాటకముందే తీపి. రోడ్డుకి రెండు వైపులా వరి. ఆ పచ్చదనం రోడ్డు అంచు నుంచి కనుచూపు మేర దాకా, మధ్యలో ఒక్క బీడు ముక్క లేకుండా! మా వైపు వేరుశనగ చేను మీద రెండు వానలు పడితే ఊరంతా పండగ చేసుకుంటాం.

“ఏమ్మా, అట్టా చూస్తున్నారు పొలాలకేసి?” అంది ఆవిడ.

“మా వైపు ఇట్ల ఉండదమ్మా. బోరు వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వస్తుంది.”

“మాకు నీళ్లెక్కువై ముణుగుద్దండీ. మొన్న వానలకి మా మగ్గం గుంటలో నడుం లోతు నీళ్లు. నెల రోజులు నేత లేదు.” నవ్వుతూనే చెప్పింది. “ఎవురి బాధ ఆళ్లది.”

నిజమే. కానీ నాకప్పుడు ఆ మాట ఊరట ఇవ్వలేదు. నీళ్లెక్కువై బాధపడడం కూడా ఒక వైభవంలాగే కనిపించింది.

బందరు దాటాక

బందరులో లాడ్జిలో సంచీ పడేసి ఆటో మాట్లాడుకున్నాను. ఊరు దాటగానే గాలి మారింది. ఉప్పు, ఎండుచేపల వాసన. దారి పక్కన పరదాల మీద చేపలు ఆరబెట్టి ఉన్నాయి. పల్లెలో మలుపు దగ్గర ఆటో దిగబోయి బురదలో కాలేశాను. చెప్పు అక్కడే ఉండిపోయింది, కాలు మాత్రం వచ్చింది. ఒక చెప్పుతో, ఒక ఉత్తికాలితో, చేతిలో ఫైలుతో ధనలక్ష్మిగారి గుమ్మం ముందు నిలబడ్డాను.

డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, తల నున్నగా దువ్వుకుని. నన్ను చూసి పేరు కూడా అడక్కుండా చెంబుతో నీళ్లు తెచ్చి, వద్దంటున్నా నా కాలి మీద పోశారు. వసారాలో ఆవిడ భర్త సూరయ్యగారు వల ముందేసుకుని చిరుగులు కడుతున్నారు. “కూకోండమ్మా” అని వల కాస్త జరిపారు.

నేను వచ్చిన పని చెప్పాను. నేనూ ఆ నవల తెలుగు చేశానని కూడా చెప్పాను, దాచలేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“మీరూ చేశారా! నాకు తెలిసి దీన్ని చదివినవాళ్లే లేరండీ. మాట్లాడుకోడానికి ఒక మనిషి దొరికారు” అంటూ లోపలికి వెళ్లి ఆరు లాంగ్ నోటుబుక్కులు తెచ్చారు. అట్టలకి ఉప్పుగాలికి మచ్చలు పడ్డాయి. లోపల అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. నా దస్తూరీ చూసి మా కాలేజీ గుమాస్తా కూడా విసుక్కునేవాడు.

చదవడం మొదలుపెట్టాను. పది పేజీలు ఆగకుండా చదివాను. ఆ ఊరు అమెరికాలోదే, మనుషుల పేర్లు వాళ్లవే. అయినా వాళ్లు మాట్లాడుతుంటే నాకు వినబడుతోంది. నా అనువాదంలో వాళ్లు మాట్లాడరు, ‘పలుకుతారు’.

“ఇంత బాగా ఎట్లా వచ్చిందండీ?” అన్నాను. మెచ్చుకోవాలని కాదు, ఏదైనా కిటుకు ఉంటే తెలుసుకుందామని.

“నాదేం లేదండీ. స్కూలు నుంచి వచ్చాక సాయంత్రాలు ఈయనా, మా మావగారూ వలలు కట్టుకుంటుంటే చదివి వినిపించేదాన్ని. తప్పయితే ఊరుకునేవాళ్లు కాదు. ఒకసారి మావగారు, ‘పడవ తీశాడంటున్నావు, గాలి ఎటునుంచి?’ అన్నారు. పుస్తకంలో లేదండీ అన్నాను. ‘గాలి తెలీకండా పడవెట్టా తీస్తాడు? చూసి చెప్పు, అప్పటిదాకా చదవమాకు’ అని లేచెళ్లిపోయారు.”

“అప్పుడేం చేశారు?”

“వారం రోజులు వెతికానండీ. ఆ అధ్యాయంలో పొగ చర్చి వైపు పోతోందని ఒకచోట ఉంది. మొదటి అధ్యాయంలో ఆ చర్చి ఊరికి తూర్పున ఉందని ఉంది. అయితే పడమటి గాలి. చెప్తే అప్పుడు వచ్చి కూర్చున్నారు.”

సూరయ్యగారు వల మీంచి తలెత్తకుండా, “పడమటి గాలయితే మరి తీయొచ్చు” అన్నారు, ఆ పడవ ఇంకా బయల్దేరబోతున్నట్టు.

ఆ నవలకి నేను నలభై పేజీల వివరణలు రాశాను. పెద్దాయన చదివిన బడి గురించి రాశాను, ఆయన వాడిన సిరా గురించి కూడా రాశాను. గాలి గురించి లేదు. పరిష్కర్త పని ఇదీ అని నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. చేసి చూపించింది ఈవిడ, ఈ వసారాలో.

అప్పుడే నాలుగో నోటుబుక్కులో నాకు కావలసింది దొరికింది. పదో అధ్యాయం అయిపోయింది. తర్వాత నాలుగు తెల్ల కాయితాలు. ఆ తర్వాత పన్నెండు.

“పదకొండు లేదే?” అన్నాను. నా గొంతులో ఉత్సాహం నాకే వినబడింది.

ఆవిడ ఆ తెల్ల కాయితాల మీద చెయ్యి వేశారు. పదకొండో అధ్యాయంలో ఒక పడవ తిరిగి రాదు. మిగతా పడవల వాళ్లు ఆ ఇంటికి వస్తారు.

“మా తమ్ముడండీ” అన్నారు. “తుపానులో ఈయనా వాడూ ఒకే పడవలో ఉన్నారు. ఈయన వచ్చారు. నేను అప్పటికి పదో అధ్యాయంలో ఉన్నాను. చేద్దామని చాలాసార్లు కూర్చున్నా. చాతకాలేదు.”

సూరయ్యగారి చేతులు ఆగాయి. లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను ఏదో ఓదార్పుగా అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆవిడే తేరుకుని, “మీ పదకొండో అధ్యాయం ఉందాండీ? చూడొచ్చా?” అన్నారు. ఫైల్లోంచి తీసి ఇచ్చాను. సరిచూసుకోవడానికి రెండు నోటుబుక్కులు అడిగితే, ఆరూ సంచీలో పెట్టిచ్చారు.

లాడ్జికి వచ్చి, ఇంకా దీపాలు పెట్టకముందే శైలజకి మెసేజి పెట్టాను. ‘అనువాదం అసంపూర్ణం. కీలకమైన అధ్యాయం లేదు. ప్రధాన పాఠంగా తీసుకోవడానికి వీలుపడదు.’ ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా రాయగలిగాను.

వెంటనే జవాబు వచ్చింది. ‘సరే మేడమ్. అయితే మీదే. నాకు తెలుసు మీదే అవుతుందని.’

బజారుకి వెళ్లి బందరు హల్వా కొనుక్కున్నాను. నెయ్యి వేళ్లకి అంటుకుంటుంటే రోడ్డు మీదే నిలబడి తిన్నాను. బహుశా నా జీవితంలో అంత రుచిగా తిన్నది ఇంకొకటి లేదు.

ఇదంతా రాసి అచ్చుకిచ్చే ముందు, ఆ మెసేజి సంగతి ధనలక్ష్మిగారికే ముందు తెలియాలని మొన్న ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నవ్వారు. “నాకప్పుడే తెలుసండీ. పదకొండు లేదే అన్నప్పుడు మీ మొహం చూశాగా. మా స్కూల్లో పక్కపిల్ల లెక్క తప్పితే పిల్లలు అట్టాగే చూసేవాళ్లు.”

మళ్లీ ఆ ఇంటికే

మర్నాడు నోటుబుక్కులు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. కొత్త చెప్పులు కొనుక్కుని, బురద తప్పించుకుని. భోజనం సిద్ధం చేసి ఉంది. చందువా చేప వేపుడు, ముళ్లెక్కువ ఉండే చిన్న చేపల పులుసు. మా వైపు సంగటి ముద్దని మింగినట్టు నేను ఆ పులుసన్నం మింగేశాను. ముల్లు గొంతులో అడ్డం పడింది. కళ్లనీళ్లు కారుతుంటే సూరయ్యగారు ఉత్తి అన్నం ముద్ద చేసి చేతిలో పెట్టి, “నమలమాకండి, అట్టాగే మింగండి” అన్నారు. ముల్లు దిగిపోయింది.

నేను ఊపిరి తీసుకున్నాక ఆయన అడిగారు. “మా టీచరమ్మ రాసింది అచ్చవుద్దాండీ?”

ఆవిడ భర్తని ‘మీరు’ అంటే ఆయన ఆవిడని ‘టీచరమ్మ’ అంటారు. “చూస్తామండీ” అన్నాను. ముల్లు మళ్లీ వచ్చినట్టయింది.

చేతులు కడుక్కున్నాక ధనలక్ష్మిగారు నా కాయితాలు తెచ్చారు. “నిన్న మీరెళ్లగానే చదివానండీ. ఈయనకి కూడా చదివి వినిపించాను.”

“ఆయనకా?” అన్నాను.

“మొదట వద్దన్నారు. తర్వాత ఆయనే చదవమన్నారు. పడవల వాళ్లు ఇంటికొచ్చినప్పుడు ఆ ఇంటావిడ ఏమీ అనకుండా కుండ మీద మూత పెడుతుంది చూడండి, అక్కడ ఆపమన్నారు. లేచి ఒడ్డుకెళ్లారు. వచ్చాక మా తమ్ముడి సంగతి చెప్పారండీ. ఆ రోజు ఏం జరిగిందో, వాడు ఆఖర్న ఏమన్నాడో. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడగలేదు.” కాయితాలు నిమురుతూ అన్నారు. “నాకు చేతకానిది మీరు చేశారు. ఇంత తేలిక మాటలతో ఎట్టా చేశారండీ?”

ఆ అధ్యాయం నేను మా అన్న చనిపోయిన నెలలో చేశాను. నిఘంటువు తెరిచే ఓపిక లేదు. తోచిన మాట తోచినట్టు రాసి పక్కన పడేశాను. తర్వాత దాన్ని దిద్ది పెద్ద మాటలు పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, చెయ్యి పోలేదు. నా పుస్తకం మొత్తంలో నేను సిగ్గుపడే అధ్యాయం అదే.

“ఒక్క మాటండీ, ఏమనుకోకండి” అన్నారావిడ. “పెన్సిలుతో అక్కడక్కడ గుర్తులు పెట్టాను.”

చూశాను. అక్కడక్కడ కాదు, ప్రతి పేజీలో. అప్పటిదాకా కరిగిన మనసు మళ్లీ గట్టిపడింది.

“మీ పడవ వాళ్లు ఒడ్డుకొచ్చి లంగరేశారు” అన్నారు సూరయ్యగారు, మొదటిసారి నవ్వుతూ. “ఇసక మీదికి లాగే పడవకి లంగరేంటమ్మా!”

నాకు ఒళ్లు మండింది. పైగా అది నిజం. ధనలక్ష్మిగారు ఆయన్ని కళ్లతోనే మందలించి, “అధ్యాయం మీదేనండీ, లంగరు మాత్రం తీసేయండి” అన్నారు. గుమ్మం దాకా వచ్చి నోటుబుక్కులు మళ్లీ నా చేతుల్లో పెట్టారు. “మీ దగ్గరే ఉంచండి. అచ్చయినా కాకపోయినా. చదివే మనిషి దగ్గర ఉంటాయి.”

హనుమాన్ జంక్షన్

బందరు బస్టాండులో మనసు మనసులో లేదు. బోర్డు సరిగా చూడకుండా ఎక్కేశాను. గుడివాడ దాటాక కండక్టరు చెప్పాడు, అది ఏలూరు బస్సని.

“హనుమాన్ జంక్షన్‌లో దిగండి మేడమ్. బెజవాడకి బస్సులే బస్సులు.”

దిగాను. నాలుగు వైపుల నుంచీ లారీలు, బస్సులు, చేపల లోడుతో నీళ్లు కారుకుంటూ వ్యాన్లు. జామకాయలమ్మే ఆవిడ పక్కన నీడలో నిలబడి సంచీలోంచి ఒక నోటుబుక్కు తీశాను. ఎక్కడో తెరిచి ఒక పేజీ చదివాను. ఒక్క మాట మార్చడానికి లేదు. మార్చాలని ఎంత వెతికానో నాకే తెలుసు. శైలజకి ఫోన్ చేశాను.

“నిన్న పంపింది కొట్టెయ్యి.”

“ఏది మేడమ్?”

“ధనలక్ష్మిగారి గురించి రాసింది. అది కుళ్లుతో రాశాను.”

లారీ ఒకటి పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది.

“అసంపూర్ణం అన్నారు కదా మేడమ్?”

“ఒక్క అధ్యాయం లేదు. దానికి నాది తీసుకో, ఆవిడ దిద్దిన మాటలతో. ఎవరిది ఎవరు చేశారో పీఠికలో స్పష్టంగా రాయి. మిగతా అంతా ఆవిడదే ప్రధాన పాఠం. పేరు కూడా ఆవిడదే ముందు. గాలి గురించి ఒక వివరణ ఉంది, వచ్చాక చెప్తాను. అది వాళ్ల మామగారి పేరు మీద వెయ్యాలి.”

“మరి మీవి ఇరవై రెండు అధ్యాయాలు?”

“పేజీ అడుగున. పాఠభేదాల్లో.”

“మేడమ్, పన్నెండేళ్లు...”

“తెలుసు. తొందరగా రాసుకో శైలజా. బస్సొస్తోంది. ఎక్కితే మనసు మార్చుకుంటాను.”

“ఒక్క నిమిషం, పెన్ను” అంది. నేను చెప్పిందంతా మళ్లీ ఒకసారి చదివి వినిపించింది. ప్రతి వాక్యానికీ ఊఁ అన్నాను.

బస్సు సగం ఖాళీ. కిటికీ పక్క సీటు దొరికింది. బెజవాడ దాకా ఆవిడ నోటుబుక్కు చదువుకుంటూ, ప్రతి పేజీకీ కుళ్లుకుంటూనే వచ్చాను.